ఏ ప్లాట్‌ఫారమూ వెనకబడరాదు

మా తీర సమాచార సంచాలకత్వంలో అన్యాయం అన్న మాట వినబడితే చాలు, అందరం కుర్చీల్లోంచి లేస్తాం. లేచి మళ్ళీ కూర్చుంటాం గాని, లేవడం మాత్రం లేస్తాం. ఇంత న్యాయబుద్ధి ఉన్న కార్యాలయం ఇంకొకటి లేదని మా డైరెక్టరు గారు ప్రతి సమీక్షలోనూ చెబుతారు. మేమూ ప్రతి సమీక్షలోనూ నమ్ముతాం. ఆ న్యాయబుద్ధి చివరికి కంప్యూటర్ చిప్పుల దాకా ఎలా పాకిందో చెప్పాలంటే, ముందు పెట్టెలు మూగబోయిన సంగతి చెప్పాలి.

కోస్తా పొడుగునా చేపల రేవుల్లో మా శాఖ ఒక్కో స్తంభానికి ఒక్కో నల్ల పెట్టె బిగించింది. పెట్టెలో అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, పైన లౌడ్‌స్పీకర్. అందులో 'అలల కబురు' అనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. గాలి ఎటు నుంచి వస్తోంది, అల ఎంత ఎత్తు లేస్తుంది, ఇవాళ ఈ రేవు నుంచి వేటకు వెళ్ళవచ్చా కూడదా అన్నది తెలుగులో సాగదీసి చదువుతుంది. టీవీలో తుఫాను అంటే తీరమంతటికీ ఒకటే తుఫాను. పెట్టె మాత్రం తన రేవు సంగతే చెప్పేది. అందుకే టీవీని లెక్కచెయ్యని వాళ్ళు కూడా పెట్టె వద్దంటే పడవను వెనక్కి లాగేవారు.

వినాయక చవితి వెళ్ళాక కొత్త వెర్షన్ పంపాం. మర్నాటికి పెట్టెలన్నీ నోళ్ళు మూసుకున్నాయి.

కారణం కనుక్కోవడం నా పని. నా పేరు సుదర్శనం, హోదా సహాయ సాంకేతికాధికారి. కారణం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్‌ను విడివిడిగా పంపరు. ఆఫీసుకు వెళ్ళేవాడికి అన్నం, పప్పు, పచ్చడి, పెరుగు అన్నీ ఒకే క్యారేజీలో బిగించి ఇచ్చినట్టు, ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామానూ ఒకే కట్టగా బిగిస్తారు. దాన్ని కంటైనర్ ఇమేజ్ అంటారు. దాంతో వచ్చిన చిక్కు ఒకటే. ఆఫీసు కంప్యూటర్లలో చిప్పు ఒక రకం, రేవు పెట్టెల్లో చిప్పు ఇంకో రకం. ఒక రకానికి కట్టిన ఇమేజ్‌ను ఇంకో రకం విప్పలేదు. ఈ రకాన్నే మా వాళ్ళు ప్లాట్‌ఫారం అంటారు. ఇదివరకు ఇమేజ్‌లు కట్టిన పాత యంత్రం పెట్టెల రకానిదే. కాలం తీరిందని దాన్ని, అందులోని పాత ఇమేజ్‌లతో సహా, వేలం వేశారు. కొత్త యంత్రం మీద కట్టిన ఇమేజ్ ఆఫీసులో బ్రహ్మాండంగా మాట్లాడుతోంది. ఆఫీసులోంచి వేటకు వెళ్ళేవాళ్ళే లేరు.

మొదటి ఫోన్ నూకలరేవు నుంచి వచ్చింది. అక్కడి మత్స్యకార మహిళా సంఘం అధ్యక్షురాలు గరికిన ఎర్రమ్మ. స్తంభం ఆవిడ ఇంటి గోడను ఆనుకునే ఉంది కాబట్టి పెట్టె బాగోగులు ఆవిడే చూస్తుంది. ఇద్దరు కొడుకులూ అల్లుడూ ఒకే పడవ మీద వేటకు వెళతారు.

"బాబూ, పెట్టి మాటాడ్డం నేదు. ఎర్ర దీపం ఎలుగుతంది గానీ నోరిప్పదు. ఏటయింది?"

"చిన్న సాంకేతిక సమస్యమ్మా. రేపటికల్లా బాగవుతుంది."

"రేపే గదా? మా కుర్రోళ్ళు పెట్టి మాటినకండా వలెత్తరు. అలవాటయిపోనాది."

"రేపేనమ్మా."

నేను నిజమే చెప్పాను. పరిష్కారం నా చేతిలో ఉంది. బిల్డర్ అనే పనిముట్టు ఒకటుంటుంది. దాన్ని నెలకొల్పి, ఏయే ప్లాట్‌ఫారాలకు ఇమేజ్ కావాలో చెబితే, అన్నిటికీ ఒకేసారి కట్టి, ఒకే పేరు కింద మా గిడ్డంగి సర్వర్లో పెడుతుంది. ఏ యంత్రం వచ్చి అడిగితే ఆ యంత్రానికి తగిన కట్ట అందుతుంది. ఎదుటి చిప్పులా ప్రవర్తించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామును తోడిస్తే, మన చిప్పు మీద కూర్చునే అవతలి చిప్పుకు కట్టవచ్చు. టీ చల్లారేలోగా బిల్డర్‌ను నెలకొల్పాను. నెలకొల్పి నోరు మూసుకుని పని కానిచ్చి ఉంటే ఈ కథే లేదు. కాని మా ఆఫీసులో కొత్త గోడగడియారం అయినా సరే, డైరెక్టరు గారికి చూపించాకే తిరగాలి.

మా డైరెక్టరు డాక్టర్ వేమవరపు చక్రధరరావు గారు కంప్యూటర్ల వైపు నుంచి వచ్చినవారు కారు. జిల్లాల్లో ఇళ్ళ పథకాలు, పింఛన్లు నడిపి వచ్చారు. జాబితాలో పేరుండీ ఇల్లు రానివాళ్ళు ఆయన జీపుకు అడ్డంగా పడుకున్న రోజులున్నాయి. అప్పటి నుంచి ఏ జాబితా చూసినా ఆయనకు జీపే గుర్తొస్తుందని ఆయన డ్రైవరు చెబుతాడు.

ఆయన ముందు తెర మీద బిల్డర్ వివరాలు తెప్పించాను. అందులో చివరి వరుసలో, అది కట్టగలిగిన ప్లాట్‌ఫారాల పేర్లన్నీ బారుగా వస్తాయి. ఎవరూ చదవని వరుస అది. చక్రధరరావు గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"ఇవన్నీ ఎవరు?"

"ఈ బిల్డర్ కట్టగలిగిన ప్లాట్‌ఫారాలు సార్."

"అంటే, అర్హుల జాబితా."

"అర్హులని కాదు సార్, దానికి చేతనైనవి. మనకు ఇందులో రెండే కావాలి. ఒకటి ఆఫీసుది, ఒకటి రేవులది."

"మిగతావాళ్ళ సంగతి?"

"అవి మన రాష్ట్రంలో ఎక్కడా లేవు సార్."

"లేవని సర్వే చేశారా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గొంతు సవరించుకున్నారు. "సుదర్శనం గారూ, జాబితాలో పేరు ఉంచి, పథకం ఇవ్వకపోవడం కన్నా ఘోరమైన పరిపాలనా వైఫల్యం లేదు. రెండు ప్లాట్‌ఫారాలకు ఇచ్చి మిగతావాటి కడుపు కొడితే రేపు సభలో ప్రశ్న వస్తుంది. ఏ ప్లాట్‌ఫారమూ వెనకబడకూడదు. ఇది నా విధానం అనుకోండి, ఆశయం అనుకోండి."

ఆశయం అని అనుకోవడం వరకు నాకు వదిలేసి, ఉత్తర్వు రాయడం సూపరింటెండెంటు త్రిపురసుందరి గారికి అప్పగించారు. ఆవిడ ఉత్తర్వు రాస్తే కామా తర్వాత కామాయే గాని ఊపిరి ఉండదు. మధ్యాహ్నానికల్లా నా బల్ల మీదికి వచ్చింది.

'బిల్డరు వారి జాబితాలో నమోదైన సమస్త ప్లాట్‌ఫారములకును, రకము, వయస్సు, వేగము, ఉనికి అను భేదములు పాటించక, ఇమేజిని ఏకకాలమున పంపిణీ చేయవలెననియు, ఏ ఒక్క ప్లాట్‌ఫారమునకు అందకపోయినను తక్కినవాటికిని పంపిణీ నిలుపుదల చేయవలెననియు ఇందుమూలముగా ఆదేశించడమైనది.'

"మేడమ్, ఉనికి అంటే? లేకపోయినా ఇవ్వాలనా?" అని అడిగాను.

"లేకపోబట్టే కదండీ పాపం వెనకబడ్డాయి," అన్నారు త్రిపురసుందరి గారు, నన్ను జాలిగా చూస్తూ.

అక్కడి నుంచి మా శాఖకు కొత్త ఊపిరి వచ్చింది. ప్రతి ప్లాట్‌ఫారానికీ ఒక ప్రత్యేకాధికారిని వేశారు. తన ప్లాట్‌ఫారం ఏమిటో తెలియని అధికారి కూడా దాని హక్కుల కోసం సమావేశాల్లో బల్ల గుద్దాడు. జిల్లాలకు సర్వే పత్రాలు వెళ్ళాయి. 'మీ మండలములో ఈ క్రింది రకము చిప్పులు నివసించుచున్నవా? లేనిచో ఎప్పుడు వలస వెళ్ళినవి?' అన్న ప్రశ్నకు ఒక మండలం వారు 'నివసించుట లేదు, పంట కాలములో రావచ్చును' అని జవాబిచ్చారు. ఆ జవాబు మా వారికి చాలా ఆశాజనకంగా తోచింది.

ఒక రకం చిప్పు పాత వైఫై పెట్టెల్లో ఉంటుందని నేనే నోరు జారాను. అలాంటిది మా క్యాంటీన్ గోడ మీదే బయటపడింది. దాన్ని ఊడదీసి తెచ్చి, దండ వేసి, మొదటి లబ్ధిదారుగా ఫొటో తీశారు. ఆ రోజు నుంచి క్యాంటీన్లో నెట్ లేదు. ఇంకో రకం పెద్ద బ్యాంకుల్లో ఉండే మహాయంత్రాలది. ఒక బ్యాంకు నేలమాళిగలో అలాంటిది ఉందని తెలిసి, అందులో 'అలల కబురు' పెట్టుకోమని రాశాం. తమ నేలమాళిగలోకి అలలు రావని బ్యాంకు జవాబిచ్చింది. 'అలలు రావన్న నిర్ణయము బ్యాంకు పరిధిలోనిది కాదు' అని త్రిపురసుందరి గారు తిప్పి కొట్టారు. బ్యాంకు భయపడి యంత్రంలో ఒక మూల ఇచ్చింది.

ఇంత గొడవ అక్కర్లేదు, ఎమ్యులేటర్ ఉంది కదా అని ఒక సమావేశంలో అన్నాను.

"అదేం చేస్తుంది?" అన్నారు డైరెక్టరు గారు.

"లేని చిప్పులా ప్రవర్తిస్తుంది సార్. బిల్డర్ నిజంగా ఆ చిప్పు ఉందనే అనుకుంటుంది."

చక్రధరరావు గారు పెన్నుకు మూత పెట్టారు. "అంటే ఒకరి పేరు మీద ఇంకొకరు వచ్చి వేలిముద్ర వేస్తారన్నమాట. బోగస్ లబ్ధిదారు. సుదర్శనం గారూ, నేనుండగా ఈ సంచాలకత్వంలో ఒకరు ఇంకొకరిలా నటించడం జరగదు."

ఎమ్యులేటర్‌ను తొలగించి, తొలగించినట్టు ఫొటో కూడా తీశారు. లేని ప్రోగ్రాము ఫొటో ఎలా ఉంటుందని అడక్కండి, ఖాళీ తెర ముందు నలుగురం నిలబడ్డాం. ఇక ప్రతి రకానికీ అసలు యంత్రమే ఉండాలి. యంత్రాలకు టెండర్లు పిలిచారు.

దసరా దగ్గరపడింది. ఎర్రమ్మ మళ్ళీ ఫోన్ చేసింది.

"మీ రేపు ఇంకా తెల్లారనేదా బాబూ?"

"కొంచెం ఆలస్యమవుతోందమ్మా. పైవాళ్ళ అనుమతి..."

"మా కుర్రోళ్ళు ఎన్నాళ్ళని కూకుంటారు? తిండి గావాల గదా. పెట్టి నేకపోయినా ఎల్తన్నారు. ఆళ్ళు ఎల్లిన కాణ్ణుంచి నాను ఒడ్డునే కూకుని ఆకాశం సూత్తన్నాను. నాకేటి తెలుస్తాది ఆకాశం? ముసల్దాన్ని."

ఫోన్ పెట్టేశాను. నేను సముద్రం మీదికి వెళ్ళినవాణ్ణి కాను. కాని ముగ్గురిని నీళ్ళ మీదికి పంపి ఒడ్డున కూర్చున్న మనిషికి 'పైవాళ్ళ అనుమతి' అని చెప్పడానికి నాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గుతోనే డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి, రేవుల రకానికి ఒక్కదానికి ముందుగా ఇద్దామని ప్రాధేయపడ్డాను.

ఆయన నన్ను కూర్చోమన్నారు. అది మంచి సూచన కాదు. "ఆ ఒక్క ప్లాట్‌ఫారం మీదే మీకు ఇంత మమకారం ఎందుకో తెలుసుకోవచ్చా?"

"అక్కడ మనుషులున్నారు సార్."

"మీ బంధువులా?"

"కాదు సార్. జాలర్లు."

"మనుషులున్న ప్లాట్‌ఫారానికి ముందు, మనుషులు లేని ప్లాట్‌ఫారానికి తర్వాత. అంతేనా? దీన్నే పక్షపాతం అంటారు." ఆయన బెల్లు కొట్టి త్రిపురసుందరి గారిని పిలిచారు. రేవుల చిప్పుతో నాకు గాని, నా కుటుంబ సభ్యులకు గాని ఏ విధమైన సంబంధబాంధవ్యాలూ లేవని నా చేత ప్రమాణపత్రం రాయించుకున్నారు. అంతటితో ఆగలేదు. నేను ఎక్కడ తొందరపడతానోనని గిడ్డంగి పాస్‌వర్డులో ముందు సగం డైరెక్టరు గారు, వెనక సగం త్రిపురసుందరి గారు దగ్గర పెట్టుకున్నారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఒకరు టైపు చేస్తుంటే ఇంకొకరు తల తిప్పుకుంటేనే అది తెరుచుకుంటుంది.

దీపావళి వెళ్ళాక ముహూర్తం కుదిరింది. బ్యాంకుది తప్ప యంత్రాలన్నీ హాల్లో పెళ్ళిబట్టల్లా వరసగా పరిచారు. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోందని ఆ ఉదయమే మా తెరల మీదికి వచ్చింది. ఆ సంగతి నేను చెప్పబోతే, "శుభమా అని ప్రారంభం చేసుకుంటుంటే తుఫాను మాట ఎందుకండీ," అన్నారు త్రిపురసుందరి గారు. కొబ్బరికాయ కొట్టారు. డైరెక్టరు గారు చిన్న ఉపన్యాసం చేసి, మీట నొక్కారు.

బిల్డర్ పనిలోకి దిగింది. ఆఫీసు రకం పూర్తయింది. చప్పట్లు. రేవుల రకం పూర్తయింది. క్యాంటీన్ వైఫై పెట్టె కూడా రొప్పుతూ పూర్తి చేసింది. చివరికి బ్యాంకు మహాయంత్రం దగ్గర ఆగింది. తెలుగు అక్షరాలను గొంతుగా మార్చే భాగం ఒకటి మా సాఫ్ట్‌వేర్లో ఉంది. ఆ మహాయంత్రానికి పనికొచ్చేలా దాన్ని ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు. నేలమాళిగలో తెలుగు వినాలని ఎవరికీ తోచలేదు కాబోలు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఒకటి విఫలమైతే మొత్తం ఆపెయ్యడం బిల్డర్ స్వభావం. పూర్తయినవాటిని కూడా గిడ్డంగికి పంపకుండా ఆపేసింది.

చక్రధరరావు గారి కళ్ళు చెమర్చాయి. "చూశారా? యంత్రానికి కూడా ఉంది సమానత్వం. నా ఉత్తర్వు చదివినట్టే చేసింది." అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. తర్వాత టిఫిన్లు వచ్చాయి. మైసూరుపాకు మాత్రం ప్లాట్‌ఫారాల ప్రసక్తి లేకుండా అందరికీ అందింది.

చేతిలో ప్లేటు ఉండగానే నా ఫోన్ మోగింది.

"బాబూ, ఎర్రమ్మని. ఇక్కడ ఎండ కాస్తంది. సముద్రం సదునుగుంది. మా కుర్రోళ్ళు పడవ దించుతన్నారు. టీవీ వోడేమో తుఫానంతన్నాడు. ఆడు నెలకోపాలి అంతాడు. ఎల్లమనీదా, వద్దనీదా?"

ప్లేటు అక్కడే పెట్టేసి నా బల్ల దగ్గరికి పరుగెత్తాను. తెర మీద అన్ని రేవుల వివరాలూ సిద్ధంగా ఉన్నాయి. అవి లేకపోవడం ఎప్పుడూ లేదు, రేవుకు చేరకపోవడమే ఉంది. నూకలరేవు వరుస వెతికాను. పొద్దుగూకే వేళకు ఈదురుగాలులు. ఇప్పుడు బయల్దేరిన పడవ అప్పటికి సరిగ్గా నడి సముద్రంలో ఉంటుంది.

"వద్దమ్మా! వెళ్ళనివ్వొద్దు. ఇంకా ఎవరైనా బయల్దేరుతుంటే వాళ్ళనీ ఆపు."

"నా మాట ఇనరు బాబూ. అమ్మకి బయ్యం అంతారు. పెట్టి సెప్తే ఇంతారు."

అంతలోనే మళ్ళీ ఆవిడే అంది. "సంఘం మైకు నా ఇంట్లోనే ఉన్నాది. నువ్వు పెట్టిలో ఎలగుంటాదో అలగ సదువు. నాను పెట్టినాగ సెప్తాను."

వసారాలోకి వెళ్ళి, ఒక చెవి మూసుకుని చదవడం మొదలుపెట్టాను. "నూకలరేవు మత్స్యకారులకు అలల కబురు..." అవతల ఎర్రమ్మ నా మాటను అందుకుని మైకులో పలికింది. సొంత గొంతుతో కాదు. పెట్టె గొంతుతో. అదే సాగదీత, అదే ముక్కు యాస, ప్రతి వాక్యం చివర అదే విరుపు. "ఈ...దురు గా...లులు వీ...చును. వే...టకు వె...ళ్ళరాదు." ఆవిడ సొంత యాస ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఫోన్లో ఎవరో కుర్రాడు అరవడం వినబడింది, "ఒరే, పెట్టి మాటాడతంది! పడవ లాగండ్రా!"

వెంటనే మిగతా రేవుల్లో నాకు తెలిసిన నంబర్లకల్లా చేశాను. కొన్ని కలిశాయి, కొన్ని కలవలేదు.

సాయంత్రం గాలి వచ్చింది. నూకలరేవులో రేకులు ఎగిరిపోయాయి, ఎర్రమ్మ ఇంటి పెంకులూ పోయాయి. మనుషులందరూ ఉన్నారు. నాకు ఫోన్ కలవని ఒక రేవు నుంచి వెళ్ళిన పడవ ఇంతవరకు తిరిగి రాలేదు. తుఫాను తర్వాత జరిగిన మా సమీక్షలో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. అది ఎజెండాలో లేదు.

ఎజెండాలో ఉన్నది వేరు. 'విడుదల కాని సాఫ్ట్‌వేరు నూకలరేవులో ఎట్లు పనిచేసినది?'

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. డైరెక్టరు గారి ముఖం ఎర్రబడింది. "అంటే ఆ మహిళ ప్రభుత్వ పెట్టెలా నటించింది! నేను నిషేధించిన పనే! దీనికి కేసు పెట్టవచ్చు."

"పెట్టలేం సార్," అన్నారు త్రిపురసుందరి గారు. "ఆవిడ వల్ల ఒక ఊరు బతికిందని పేపర్లో పడింది. కేసు పెడితే మనమే పేపర్లో పడతాం."

"మరి ఏం చేద్దాం?"

త్రిపురసుందరి గారు కళ్ళు మూసుకుని, తన జీవితకాలపు అనుభవాన్నంతా కూడగట్టుకున్నారు. "ఆవిడ మన సమాచారాన్ని అందుకుంది. దాన్ని నడిపింది. జనానికి వినిపించింది. ఇన్ని చేసేదాన్ని ప్లాట్‌ఫారం అనకపోతే ఏమంటాం సార్? జాబితాలో చేర్చేద్దాం. ప్లాట్‌ఫారమే అయినప్పుడు నటన అన్న ఆరోపణ నిలవదు."

చక్రధరరావు గారు లేచి ఆవిడకు చేతులెత్తి నమస్కరించారు. ఈ శాఖలో అన్యాయం తలెత్తదని నాకు మరోసారి రుజువైంది. జాబితా చివర 'గరికిన ఎర్రమ్మ, నూకలరేవు' అని చేరింది. నన్ను ఆ ప్లాట్‌ఫారానికి ప్రత్యేకాధికారిగా వేశారు. ఉత్తర్వు కింద రెండు షరతులు. మొదటిది, ఏకకాల సూత్రం ప్రకారం ఇమేజ్ ఎర్రమ్మ మీద కూడా పనిచేసేదాకా మరే ప్లాట్‌ఫారానికీ విడుదల చెయ్యరాదు. రెండోది, పరీక్షలు పూర్తయి ధ్రువపత్రం పొందేదాకా సదరు ప్లాట్‌ఫారం మైకు ముట్టరాదు.

పరీక్షకు నేనూ త్రిపురసుందరి గారూ నూకలరేవు వెళ్ళాం. ఎర్రమ్మ కొత్తగా వేయించుకున్న తాటాకుల పంచన కూర్చుని వల బాగుచేస్తోంది. మాకు మజ్జిగ ఇచ్చింది. త్రిపురసుందరి గారు ప్రతి ప్లాట్‌ఫారానికీ వాడే పత్రమే తీశారు.

"జ్ఞాపకశక్తి ఎంత?"

"నాకేటి మరపు తల్లీ? ఈ బాబు చవితప్పుడు 'రేపు' అన్నాడు. గేపకముంది."

"తగినంత," అని రాసుకున్నారు. "విద్యుత్తు?"

"పోతా వస్తా ఉంటాది."

"మీరు నడవడానికి."

"నాకా? గంజి."

ఇమేజ్‌ను ప్లాట్‌ఫారంలో స్థాపించవలెను అన్న గడి దగ్గర ఆవిడ పెన్ను ఆగిపోయింది. స్థాపించడం ఎలాగో తెలియక నా వైపు చూశారు. ఎర్రమ్మ కూడా నా వైపే చూసింది.

"నాను మాటాడకూడదంత గదా బాబూ? కాయితం వొచ్చింది. పెట్టీ మాటాడదు, నానూ మాటాడకూడదు. మరి ఎవులు మాటాడతారు?"

ఆ ప్రశ్నకు పత్రంలో గడి లేదు. తిరుగుదారిలో జీపులో కూర్చుని ఉత్తర్వును మళ్ళీ మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు అబ్బిన ఒకే ఒక్క విద్య అక్కడ పనికొచ్చింది. ధ్రువపత్రం రాకముందు మైకు ముట్టరాదు. కాని పరీక్ష నిమిత్తం ముట్టరాదని ఎక్కడా లేదు.

ఆ వారంలోనే ఇంకో అల్పపీడనం లేచింది. నేను బల్ల దగ్గర నిలబడి ఫోన్లో చదువుతుంటే డైరెక్టరు గారు వెనక నుంచి వచ్చారు.

"ఎవరితో?"

"ప్లాట్‌ఫారంతో సార్. పరీక్ష జరుగుతోంది."

"ఎంతసేపు పడుతుంది?"

"గాలి తగ్గేదాకా సార్."

"శ్రద్ధగా చెయ్యండి," అని భుజం తట్టి వెళ్ళారు. అప్పటి నుంచి రోజూ పరీక్ష చేస్తున్నాను. ఫలితం గడిలో రోజూ 'అసంపూర్తి' అని రాస్తున్నాను. ఇమేజ్ మనిషిలో ఎక్కదు కాబట్టి పరీక్ష ముగిస్తే తప్పినట్టే, ఆ రోజున నూకలరేవు మళ్ళీ మూగబోతుందని తెలిసినవాణ్ణి మా ఆఫీసులో నేనొక్కణ్ణే. మిగతా రేవుల్లో పెట్టెలకు దుమ్ము పట్టకుండా ప్లాస్టిక్ సంచులు తొడిగారు. వార్షిక నివేదికలో మా పథకం కింద 'అన్ని ప్లాట్‌ఫారములు సమాన స్థాయిలో ఉన్నవి' అని రాశారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

నిన్న ఫోన్లో ఎర్రమ్మ దగ్గుతోంది. చదవడం అయ్యాక అడిగింది. "నాకు జొరమొస్తే ఎవులు సెప్తారు బాబూ?"

జవాబు లేని ప్రశ్నను మా ఆఫీసులో ఏం చేస్తామో అదే చేశాను, ఫైల్లో పెట్టాను. 'ప్లాట్‌ఫారమునకు జ్వరము వచ్చినచో రేవులకు హెచ్చరిక అందు మార్గము లేదు. రేవు పెట్టెలకు తక్షణము ఇమేజి విడుదలకు అనుమతి కోరడమైనది.' సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. డైరెక్టరు గారు పచ్చ సిరాతో స్వయంగా రాశారు. 'ఏకకాల సూత్రము వర్తించును. ఒక ప్లాట్‌ఫారమునకు జ్వరము వచ్చినచో తక్కిన ప్లాట్‌ఫారములు కూడ విశ్రాంతి తీసుకొనవలెను.'

ఇవాళ పొద్దున్న ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. నేను తిరిగి చేశాను. చాలాసేపటికి ఎత్తింది. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"సదువు బాబూ," అంది ఆ గాలితోనే. "ఇంకా ఎవులూ దించనేదు పడవలు. పెట్టి మాటాడతాదని సూత్తన్నారు."